ఆషాఢంలో ముహూర్తం

“బటన్ ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ దొరుకుతదా?”

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద, ‘మట్టయ్య మొబైల్స్’ కౌంటర్ ముందు ఆటో ఆపి అడిగాడు డ్రైవర్. బుద్ధున్నవాడెవడూ అడగని ప్రశ్న అది. మట్టయ్య తల ఎత్తకుండానే, స్టాక్ లేదు, పది నిమిషాలాగి రమ్మన్నాడు. కోడ్ కలిసింది. ఆటో కదిలిపోయింది. మట్టయ్య స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, షట్టర్ సగం దించి, పక్క సందులో ఉన్న కోచింగ్ సెంటర్ మెట్లెక్కాడు.

నలభై ఆరేళ్ళ మనిషి. చెవి మీద పెన్సిల్, మోకాళ్ళ దగ్గర వెలిసిన ప్యాంటు. ఇతన్ని చూసి సీక్రెట్ ఏజెంట్ అనుకునే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ ధీమాతోనే పదహారేళ్ళుగా ఉద్యోగం వెళ్ళదీస్తున్నాడు.

మూడో అంతస్తులో గ్రూప్ టూ అభ్యర్థులు రాజ్యాంగాన్ని గొంతెత్తి బట్టీ పడుతున్నారు. ఆ గోలలో పక్క గదిలో ఏం మాట్లాడినా ఎవరికీ వినపడదు. అందుకే చీఫ్ విశ్వేశ్వరరావు ఆఫీసు అక్కడ పెట్టాడు. ఆయన గుంటూరు నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్ళయినా, ఆయన మాట మాత్రం ఇంకా కృష్ణ దాటలేదు.

“కూర్చో మట్టయ్యా. పంతులు మళ్ళీ వచ్చాడు,” అన్నాడు చీఫ్.

పంతులు అంటే విదేశీ ముఠా నాయకుడి కోడ్ నేమ్. ముఖం ఎవరూ చూడలేదు. వాడి ఆయుధం పెళ్ళి శుభలేఖ. వాట్సాప్‌లో కార్డు వస్తుంది, నొక్కితే పూలు రాలతాయి, సన్నాయి మోగుతుంది. ఆ సన్నాయి చాటున ఫోన్‌లోని మైకు, లొకేషన్, నంబర్లు అన్నీ వాడి చేతికి పోతాయి.

పదకొండు నెలల కిందట అలాంటి కార్డు నొక్కిన మహానుభావుడు మట్టయ్యే. నకిరేకల్ చుట్టాలదేమో అనుకున్నాడు. నంబరు తెలియకపోయినా చూడాలి మరి, లేకపోతే కార్డిచ్చినా రాలేదని ఏడాదిపాటు ఆడిపోసుకుంటారు. బొట్టు పెట్టి పిలవనోళ్ళ పెళ్ళి మనకెందుకని భార్య అండాలమ్మ పక్కనుంచి అన్నది కూడా. వినలేదు. నాలుగో రోజు గల్ఫ్‌లో ఒక రేవు పట్నంలో, మారుపేరుతో పనిచేస్తున్న ఏజెంట్ జగన్‌ను నడిబజార్లో కాల్చి చంపారు. జగన్ ఎక్కడున్నాడో పట్టిచ్చింది మట్టయ్య ఫోనే.

జగన్ అండాలమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. దాచిపెడితే దాగేది, కానీ మట్టయ్య దాచలేదు, జరిగింది జరిగినట్టు భార్యకు చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఆమె అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, మాట మాత్రం పెట్టదు. పంతులు పీక దొరికే దాకా ఆ మౌనం తనకు తగిన శిక్షేనని మట్టయ్య అనుకున్నాడు.

చీఫ్ విషయం చెప్పాడు. జగన్ స్థానంలో అమల అనే అమ్మాయి పనిచేస్తోంది. జగన్‌ను చంపినవాళ్ళ గుమ్మం దాకా వెళ్ళింది. నెలకోసారి, మూడో ఆదివారం పదకొండు గంటలకు, కొత్తపేటలో ఉన్న తల్లి శేషారత్నానికి ఫోన్ చేస్తుంది. మొన్న ఆ తల్లి ఫోన్‌కి ఒక శుభలేఖ వచ్చింది. ఆవిడ నొక్కి, పెళ్ళికూతురు చక్కగా ఉందని నలుగురికీ చూపించింది కూడా. అది పంతులు కార్డే అయితే వచ్చే ఆదివారం అమల పని అయిపోయినట్టే.

అప్పుడు లోపలికొచ్చింది ఇంద్రాణి. ఆమె వరండాలో నడిస్తే పక్క గదిలో రాజ్యాంగం రెండు ఆర్టికల్స్ తప్పేది. ముత్యాల రంగు చీర, చేతిలో ట్యాబ్లెట్. డిపార్ట్‌మెంట్ డేటా సైంటిస్ట్.

“చాటలో వేసి చూశాను సార్. సేఫ్. తొంభై ఏడు శాతం.”

చాట అంటే జగన్ పోయాక తయారుచేయించిన మెషీన్ లెర్నింగ్ మోడల్. బియ్యంలోంచి రాళ్ళు చెరిగే చాట పేరే పెట్టారు. అది ఎవరి మెసేజూ చదవదు. యాప్ నడవడిక చూస్తుంది: ఏ పర్మిషన్ అడిగింది, ఎప్పుడు మేలుకుంది, ఎవరికెంత డేటా పంపింది. టార్చిలైటుకు మైకుతో ఏం పని అని అనుమానించే బుద్ధి దానికి నేర్పాలి. అందుకు లక్ష మంచి యాప్‌లు, ముప్ఫయి వేల దొంగ యాప్‌లు చూపించి, ఇది మంచిది, ఇది చెడ్డది అని ఒక్కోదానికి ముద్ర వేశారు. ముద్ర వేసింది ఇంద్రాణి.

తొంభై ఏడంటే భయం లేదన్నాడు చీఫ్. మట్టయ్య తలూపి, ఆ కార్డు ఫొటో తన ఫోన్‌లో వేసుకుని సైదాబాద్‌లో తన కిరాయి ఇంటికి భోజనానికి వెళ్ళాడు.

కంచం పక్కన ఫోన్ పెట్టి ఆ కార్డే చూస్తూ ముద్ద కలుపుతున్నాడు. అండాలమ్మ పప్పు వడ్డిస్తూ ఒక చూపు చూసింది. గరిటె ఆగింది. లోపలికెళ్ళి గోడ మీది క్యాలెండర్ మేకుతో సహా ఊడదీసుకొచ్చి కంచం ముందు పెట్టింది. నోరు తెరవలేదు. జూలై ఇరవై మీద వేలు పెట్టి, అలాగే పైకి జరిపి నెల పేరు మీద ఆపింది. ఆషాఢం.

మట్టయ్య ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆషాఢంలో తెలుగువాడెవడు పెళ్ళి చేస్తాడు? జూలై ఇరవై, ఆదివారం, ముహూర్తం ఉదయం 10:57, ఎల్బీనగర్ రింగ్ రోడ్డు పక్క ఫంక్షన్ హాలు. అమల ఫోన్ చేసేది అదే రోజు, పదకొండింటికి. అది పెళ్ళి ముహూర్తం కాదు. కార్డు నిద్ర లేచే టైము.

బియ్యం డబ్బా అడుగున గుడ్డలో చుట్టి దాచిన తన పాత ఫోన్ తీశాడు. జగన్ ప్రాణం తీసిన కార్డు అందులో అలాగే ఉంది. దాన్ని తన ఫోన్‌లో ఉన్న చాటకు చూపించాడు.

సేఫ్. తొంభై ఆరు శాతం.

జగన్‌ను మింగిన కార్డు మంచిదట! అండాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది. పెద్దలు నేర్పిందే పిల్లలకొస్తుంది, మోడల్ సంగతీ అంతే. మట్టయ్య ఆఫీసు సర్వర్‌లో ముద్రల రికార్డు తిరగేశాడు. నలభై ఒక్క దొంగ శుభలేఖలకు ‘మంచిది’ అని ముద్ర పడింది. అన్నీ ఒకే లాగిన్ నుంచి. ఇంద్రాణి.

ఫంక్షన్ హాలుకు ఫోన్ చేస్తే ఓనర్ సంబరంగా చెప్పాడు: ఈ ఆషాఢం మొత్తానికి ఒకే ఒక్క బుకింగ్ సార్, ఆదివారం, చాలా పెద్ద పార్టీ. అంటే కార్డుకు తోడు ఉత్తుత్తి పెళ్ళి కూడా ఉంది, ఆ జనం చాటున ఎవడొచ్చి కూర్చున్నా ఎవరూ అడగరు.

కార్డు పీకేసి ఇంద్రాణిని లోపలేద్దామన్నాడు చీఫ్. మట్టయ్య ఒప్పుకోలేదు.

“కార్డు పోతే ఇంద్రాణి దొరుకుతది సార్. పంతులు దొరకడు. కార్డు లేసే దాక వాడు గా హాల్లనే కూసుంటడు. చాటకు మళ్ళ సక్కగ నేర్పి ఆ తల్లి ఫోన్ల పెడదం, కార్డు లేసినంక అదే చంపుతది. నాకు పంతులు కావాలె.”

“చాట తప్పితే ఆ పిల్ల చచ్చిపోతుందయ్యా.”

చివరికి చీఫ్, కార్డు లేచిన దగ్గర నుంచి అమల ఫోన్ వచ్చే దాకా మూడు నిమిషాలు నీవి, అంతకు మించి ఒక్క క్షణం ఇవ్వనన్నాడు.

కోచింగ్ సెంటర్‌లో ఆన్‌లైన్ పరీక్షల ల్యాబ్‌కి సర్వర్ డౌన్ అని బోర్డు పెట్టించారు. ముద్రలన్నీ సరిచేసి, అక్కడి అరవై కంప్యూటర్ల మీద చాటకు ఆరు గంటలపాటు మళ్ళీ చదువు చెప్పించారు. శేషారత్నం ఫోన్‌కి ఫ్రీ గ్లాసు వేస్తానని వెళ్ళి మట్టయ్య కొత్త చాటను అందులో పెట్టొచ్చాడు. ఆవిడ కాఫీ ఇచ్చి, మా అమ్మాయి ఆదివారం ఫోన్ చేస్తుంది నాయనా, అప్పటికి చెడిపోదు కదా అని అడిగింది. ఆ కాఫీ అతనికి సహించలేదు.

శనివారం ఇంద్రాణిని కౌంటర్‌కి పిలిచి, గ్లాసు మూల చిట్లిందని మార్చి ఇచ్చాడు. ఆ ఏడు నిమిషాల్లో ఆమె ఫోన్‌ని చాట చెరిగింది. ‘లేడీస్ టైలర్’ అన్న నంబరుకు రోజుకు నాలుగుసార్లు, సముద్రాలవతలి సర్వర్ మీదుగా కాల్స్ పోతున్నాయి. జాకెట్టు కొలతలకు అంత దూరం ఎందుకో! ఆ టైలర్‌కి ఆదివారం 10:50కి ఆమె ఫోన్ నుంచే ఒక శుభలేఖ వెళ్ళేట్టు పెట్టాడు. పంతులు తయారుచేసిన కార్డే అది. లోపల అడ్రసు ఒక్కటి మార్చాడు. దోచింది ఇప్పుడు చీఫ్‌కి చేరుతుంది.

ఆదివారం ఎల్బీనగరంతా బోనాల డప్పులే. మట్టయ్య గడ్డం అతికించుకుని, మెడలో రెండు కెమెరాలు వేసుకుని ఫంక్షన్ హాల్లోకి నడిచాడు. పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌ని ఎవరూ అడగరు. మగపెళ్ళివాళ్ళు తెచ్చారని ఆడపెళ్ళివాళ్ళు, ఆడపెళ్ళివాళ్ళు తెచ్చారని మగపెళ్ళివాళ్ళు అనుకుంటారు.

స్టేజీ మీద పెళ్ళికూతురి వేషంలో ఇంద్రాణి. ఎర్ర కంచిపట్టు, వడ్డాణం, పూలజడ. పెళ్ళికొడుకు పక్కన తెల్ల పంచెలో, ట్యాబ్లెట్ పట్టుకుని నిలబడిన మేనమామకు నుదుట బొట్టు కూడా లేదు. పంతులు వాడే. పదకొండు నెలలుగా కలలో పీక నొక్కుతున్న మనిషి మూడడుగుల దూరంలో ఉన్నాడు.

“మేడం, జర నవ్వుండ్రి.”

గొంతు గుర్తుపట్టి ఇంద్రాణి బిగుసుకుంది. మట్టయ్య లైటు సరిచేసే వంకతో వంగి మెల్లగా అన్నాడు, “నేనెవల్నో వాళ్ళకు చెప్పు మేడం. ఈడిదాక నీ ఫోనే తోలుకొచ్చిందని గూడ చెప్పు. ఫస్ట్ బుల్లెట్ ఎవలికో చూద్దం.”

ఇంద్రాణి నవ్వింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

10:50. మేనమామ ఫోన్ మోగింది. పెళ్ళికూతురి నంబరు నుంచి శుభలేఖ. లేడీస్ టైలరూ వాడే. అతను ఆమె వైపు చూశాడు. ఆమె అదే నవ్వుతో చూసింది.

“ఆహా, శుభలేఖ చూసి మురిసిపోతున్నట్టు ఒక క్యాండిడ్ సార్,” అన్నాడు మట్టయ్య. పంతులు నొక్కాడు. పూలు రాలాయి, సన్నాయి మోగింది, ఫ్లాష్ మెరిసింది.

10:57. చెవిలో చీఫ్ గొంతు: శేషారత్నం గారి ఫోన్‌లో కార్డు లేచింది. పంతులు ట్యాబ్లెట్‌లో పచ్చ చుక్క వెలిగింది. చాట ఎంత అంటోందని అడిగితే, దొంగదనడానికి యాభై ఎనిమిది శాతం అన్నాడు చీఫ్. తొంభై దాటితేనే చాట దాన్ని చంపుతుంది. ఒక నిమిషానికి అరవై నాలుగు. రెండో నిమిషానికి డెబ్భై ఒకటి. శేషారత్నం ఇచ్చిన కాఫీ, నాయనా అన్న పిలుపు మట్టయ్యకు గుర్తొచ్చాయి. ఒక పగ కోసం ఇంకొకరి బిడ్డను పందెం ఒడ్డాడు.

“ఇరవై సెకన్లే ఉన్నాయి. మనవాడు ఆవిడ గుమ్మంలోనే ఉన్నాడు. ఫోన్ లాగేయమంటావా?” అడిగాడు చీఫ్.

ఫోన్ లాగితే పచ్చ చుక్క ఆరుతుంది, పంతులు జారుకుంటాడు. మట్టయ్య కళ్ళు మూసుకున్నాడు.

“గుంజేయి సార్. పంతులు పోతే పోనీ.”

అదే క్షణాన కార్డు మైకు మీద చెయ్యి వేసింది. చాట ఎదురుచూస్తున్నది ఆ ఒక్క పని కోసమే.

“ఆగు, ఆగు. తొంభై నాలుగు. చంపేసిందయ్యా!” అరిచాడు చీఫ్. “అమల లైన్లోకొచ్చింది. టిఫిన్ చేశావా అని అడుగుతోంది వాళ్ళమ్మ.”

పచ్చ చుక్క ఆరిపోయింది. పంతులు తలెత్తేసరికి, బోనాల ఊరేగింపులోంచి పన్నెండుమంది డప్పు కొట్టుకుంటూ హాల్లోకి తిరిగారు. దగ్గరికొచ్చాక డప్పులు దించి పిస్తోళ్ళు తీశారు. ఉత్తుత్తి పెళ్ళికొడుకు కుర్చీ కిందికి దూరాడు. ఇంద్రాణి వడ్డాణం విప్పి టేబుల్ మీద పెట్టి చేతులు చాచింది.

మట్టయ్య గడ్డం ఊడబెరికాడు. స్టేజీ మీది పళ్ళెంలోంచి కుంకుమ తీసుకుని పంతులు నుదుట బొటనవేలితో దిద్దాడు. వీధిలో అమ్మవారి గుడికి నడుస్తున్న మేకపోతుకూ అలాంటి బొట్టే ఉంది. పంతులు దాన్ని వచ్చేటప్పుడు చూశాడు.

“మీరు నన్ను బొట్టు పెట్టకుంట పిలిచిండ్రు. నేను పద్ధతిగ పిలుస్తున్న. మా బామ్మర్ది జగన్ పేరు మీద.” మట్టయ్య అతని ఫోన్ చూపించాడు. “గా రేవు పట్నంల మీవోళ్ళ ఇండ్లు, పేర్లు అన్నీ మాకొచ్చినయ్. నీ పైవోళ్ళకు గూడ ఒక మెసేజ్ పోయింది, నువ్వే అమ్ముకున్నవని. నీ లొకేషన్‌తోటి. ఇగ నీ ఇష్టం, బయటికి దారి గటు.”

పంతులు ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో, “దయచేసి నన్ను వెంటనే నిర్బంధించండి,” అన్నాడు.

మట్టయ్య వాణ్ణి రెండుసార్లు అడిగించుకున్నాడు. ఆ తర్వాతే బేడీలు వేశాడు.

ఇంటికెళ్ళేసరికి అండాలమ్మ బోనం సమర్పించి వచ్చి, పసుపు కాళ్ళతో గడపలో కూర్చుని ఉంది. అతని బొటనవేలి కుంకుమ చూసింది.

“ఎవలికి పెట్టినవ్ బొట్టు?”

పదకొండు నెలల తర్వాత మొదటి మాట. మట్టయ్య గడపలోనే కూలబడి అంతా చెప్పాడు. ఆమె తమ్ముడి పేరు రెండుసార్లు అనుకుని ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, లేచి వేడివేడిగా మటన్ వడ్డించింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు, శుభలేఖ. చాట సేఫ్ అంది, తొంభై ఎనిమిది శాతం. మట్టయ్య బితుకుబితుకుమంటూ భార్య వైపు చూశాడు. ఆమె తేదీ చూసి, గోడ మీది క్యాలెండర్ చూసింది.

“శ్రావణమే. మంచి ముహూర్తమే,” అని ఫోన్ బోర్లించింది. “అయినా ఇంటికొచ్చి బొట్టు పెడితెనే పోదాం.”