పదకొండో కుర్చీ

గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ జావ గిన్నెలో గరిట తిప్పుతూనే లువీనియా మెట్ల మీద అడుగుల చప్పుడు విన్నది. ఇవాళ గురువారం. కూతురు ఆర్నెటా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని తొమ్మిదింటికే దిగిందంటే, మాజీ సైనికుల ఆసుపత్రికి బయల్దేరిందన్నమాట. లువీనియా గుండె గతుక్కుమంది. ఆ గతుక్కు వెనకున్న సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

"మోకాలు ఒకటే లాగుతోందే. ఇవాళ్టికి నా దగ్గరుండకూడదూ?"

"నిన్న చర్చి మెట్లు నాకంటే ముందెక్కావు. ఇవాళేం వచ్చింది మోకాలికి?"

"లైసెన్సు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"బండి కాగితాలు?"

"పైకి కనబడేలా పెట్టా. పోలీసులు ఆపితే చేతులు స్టీరింగు మీద, 'అలాగేనండి, కాదండి' తప్ప మాట లేదు. చాలా? అమ్మా, పధ్నాలుగేళ్ళు సైన్యంలో చేశాను. రెండుసార్లు యుద్ధంలోకెళ్ళి వచ్చాను."

"అక్కడ తుపాకీ నీ చేతిలో ఉంది తల్లీ. ఇక్కడ వాళ్ళ చేతిలో ఉంటుంది."

ఆర్నెటా పకపకా నవ్వి, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు ఈ ఇంట్లో కొత్త. సైన్యంలో లారీ ఇంజన్లు విప్పి బిగించిన పిల్ల, సొంతూరు కొలంబస్‌కి తిరిగొచ్చాక రెండేళ్ళు నిద్ర లేకుండా గడిపింది. కార్ల రిపేరు షెడ్డులో ఉద్యోగానికి కుదిరితే, బండి తెచ్చినవాడు "మెకానిక్కుని పిలువమ్మా" అనేవాడు. నేనే మెకానిక్కునంటే బండి వెనక్కి తిప్పుకుపోయేవాడు. మూడు నెలల్లో మానేసింది. ఆ తరవాత ఆసుపత్రివాళ్ళు ఈ బృందం సంగతి చెప్పారు. ఒంటి రంగు కారణంగా సైన్యంలోనూ బయటా పడిన మాటలు, అవమానాలు లోపల గడ్డకట్టుకుపోయినవాళ్ళు పదిమంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారట. ఎనిమిది వారాలు. మూడు వారాలకే ఆర్నెటా స్నానాల గదిలో పాటలు మొదలుపెట్టింది.

పాటలతో ఆగితే బాగుండేది. మొన్న ఆదివారం టమాటా నారు కొందామని ఇద్దరూ ఇంటిసామాన్ల దుకాణానికి వెళ్ళారు. అక్కడ పనిచేసే మీసాలాయన ఒకడు వరస వరసకీ వాళ్ళ వెనకే నడిచాడు. అలాంటప్పుడు చేతులు పైకి కనబడేలా పెట్టుకుని, కొన్నది సంచీలో వేయించుకుని, రసీదు చేత్తో పట్టుకుని బయటికి రావాలని ఐదో ఏటి నుంచీ నేర్పింది లువీనియా. ఆర్నెటా గిరుక్కున తిరిగింది. "ఏమండీ, దారి తప్పారా? లేకపోతే నేనేం దొంగిలిస్తానో చూద్దామని వస్తున్నారా?" అంది, దుకాణమంతా వినబడేలా. "వద్దులే, పోదాం పద" అంది లువీనియా. నారు పెట్టిన తోపుడుబండి అక్కడే వదిలేసి, కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ రాత్రంతా ఆమె కళ్ళ ముందు ఒకటే బొమ్మ. రోడ్డు పక్కన ఆపిన కారు, నేల మీద ఆర్నెటా. సోమవారం పొద్దున్నే ఫోనందుకుంది.

ఇప్పుడు గ్రిట్స్ గడ్డకట్టాయి. పది దాటగానే వాకిట్లో కారు ఆగింది. తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. ఆర్నెటా విసురుగా వచ్చినా బాగుండేది.

"బృందం నేనే మానేస్తానన్నానట. సోమవారం ఫోన్ చేసి, పుట్టినరోజూ, గుర్తింపు కార్డు చివరి నాలుగంకెలూ చెప్పానట. చాలా మర్యాదగా, ఒక్కో మాటా ఇస్త్రీ చేసినట్టు మాట్లాడానట." కుర్చీ లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఆ గొంతు నాకు తెలీదా? కరెంటాఫీసుకి ఫోన్ చేసే గొంతు. అవతలివాళ్ళు మనల్ని తెల్లవాళ్ళనుకోవాలని పెట్టే గొంతు."

లువీనియా అబద్ధమాడబోయింది. నోరు రాలేదు.

"నీ మంచికే చేశాను. అక్కడ చెప్పిందంతా ఫైల్లో రాస్తారు. రేపు మనిషి సరిగా లేదని పింఛను ఆపేస్తే? పిచ్చిదని ముద్ర వేస్తే? ఆదివారం ఆ దుకాణంవాడు పోలీసులకి ఫోన్ చేసుంటే నీ శవాన్ని తెచ్చుకునేదాన్ని! ఇంటి మాట ఇంట్లో ఉండాలి. మీ నాన్న ఏనాడైనా బయటపడ్డాడా?"

"నాన్న బయటపడలేదు. పెరటి షెడ్డులో రేడియో పెట్టుకుని కూర్చుని కూర్చుని యాభై ఆరేళ్ళకి పోయాడు."

లువీనియా స్టవ్ అంచు పట్టుకుంది. యుద్ధం నుంచి వచ్చిన రోజున యూనిఫాంలో ఉన్న భర్త క్లీవన్‌ని సొంతూళ్ళో హోటలువాడు, నల్లవాడివని, వెనక తలుపు దగ్గరికి రమ్మన్నాడు. ఆ సంగతి ఆయన ఆమెకి ఒక్కసారే చెప్పాడు. చెప్పుకోనిదంతా గుండెలో పేరుకుంది. రక్తపోటు అన్నారు డాక్టర్లు.

"ఇవాళ నా వంతు," అంది ఆర్నెటా. "తాడు గురించి చెబుదామనుకున్నా."

"ఏ తాడు?"

"మరిచిపోయావా? పరాయి దేశంలో ఉండగా నా పెట్టె మీద ఎవరో ఉరిముడి వేసిన తాడు వేలాడదీశారు, మన తాతల్ని చెట్లకి ఉరేసిన తాడులాంటిది. అందరికంటే ముందు నీకే ఫోన్ చేశాను. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. అప్పుడు తను పనిచేసే బడి వంటింట్లో భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఎవరో వేళాకోళానికి చేసుంటారు. నీకలా అనిపించిందేమో. తల దించుకుని ఉన్నన్నాళ్ళూ ఉండి రా, అంది.

"ఆ గదిలో 'నీకలా అనిపించిందేమో' అన్న మనిషి ఒక్కరు లేరమ్మా. ఇన్నేళ్ళలో అలాంటి గది అదొక్కటే. నా కుర్చీ వేరేవాళ్ళకిచ్చేశారు. మళ్ళీ బృందం సెప్టెంబరులోనట." ఆర్నెటా కారు తాళాలు బల్ల మీద పెట్టింది. "అంతదాకా ఉంటానో ఉండనో నాకే తెలీదు."

లువీనియా స్టవ్ ఆపింది. ఏప్రన్ విప్పింది. లోపలికెళ్ళి ఆదివారం పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకొచ్చింది.

"లే. బండి తియ్యి."

"ఎక్కడికి?"

"చెడగొట్టిన చోటికి."

ఆసుపత్రి బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ, పేరు తీసేశామని, రూలు రూలేనని, మాట తిప్పకుండా చెప్పింది.

"ఆ ఫోన్ చేసింది నేను," అంది లువీనియా. ఈసారి ఇస్త్రీ గొంతు కాదు, తన గొంతే. "నా కూతురిలా నటించి అబద్ధమాడింది నేను. రాసుకో. ఫైల్లో పెట్టుకో. లువీనియా గ్రైమ్స్. గ్రైమ్స్ అని పెద్దక్షరాల్లో రాయి, నేను చూస్తా."

"అమ్మగారూ, కాస్త గొంతు తగ్గించాలి," అన్నాడు గేటు దగ్గరి కాపలా మనిషి, ఇటు వస్తూ.

లువీనియా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. ఆర్నెటా ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, వద్దులే, పోదాం పద" అంది. ఆదివారం తనే అన్న మాటలు కూతురి నోట విని లువీనియాకి ఎక్కడో చురుక్కుమంది.

"డెబ్బయ్యేళ్ళు తగ్గించాను నాయనా. నా మొగుడి చేత తగ్గింపజేశాను, నా బిడ్డ చేత తగ్గింపజేశాను. ఇంకెంత తగ్గాలి? ఈ దేశం కోసం నా ఇంట్లో ఇద్దరు వెళ్ళారు. ఒక్క కుర్చీ అడుగుతున్నాను. నన్ను బయటికి పంపాలంటే మోసుకెళ్ళు. బరువుంటాను, ముందే చెబుతున్నా."

హాలు చివర తలుపు తెరుచుకుంది. బృందాన్ని నడిపే డాక్టర్ బ్రాక్స్‌టన్ బయటికొచ్చి అంతా విన్నది. ఆర్నెటాని చూసింది. "పదిమందికి మించి తీసుకోకూడదు. పైవాళ్ళకి సమాధానం నేను చెప్పుకుంటాను. కానీ లోపలివాళ్ళని అడక్కుండా కొత్త కుర్చీ వెయ్యలేను" అంది.

తలుపు వెనక నుంచి ముసలి గొంతొకటి వినిపించింది. "దేనికడగడం డాక్టరమ్మా? యుద్ధం రోజుల్లో పడవలో పదిమందికి చోటుంటే ముప్ఫైమంది దాటాం. పదకొండో కుర్చీ వేస్తే కప్పు కూలిపోదులే. ఏయ్ ఓచోవా, నీ బానపొట్టతో కాస్త వెనక్కి జరుగు!"

"ముందు నీ నోరు వెనక్కి జరుపు తాతా!"

నవ్వులు. నేల మీద కుర్చీకాళ్ళు గీరుకున్న చప్పుడు, ఒకటి తరవాత ఒకటి, పది. గుండ్రం పెద్దదయింది.

ఆర్నెటా గడప దగ్గర ఆగింది. "నువ్వు లోపలికి రాకూడదమ్మా. ఇక్కడి మాట బయటికి పోకూడదు."

"రాను. నువ్వేం చెప్పావో నాకు చెప్పొద్దు కూడా." లువీనియా కూతురి కాలరు సర్దింది. సర్దిన చెయ్యి తియ్యలేకపోయింది. "ఒక్కటి విని వెళ్ళు. ఆ రోజు ఫోన్లో... నేను నమ్మాను తల్లీ. నువ్వు తాడు అనగానే నమ్మాను. నమ్మాను గనకే 'అనిపించిందేమో' అన్నాను. అది నిజమని నా నోటితో అంటే నువ్వు బతికి రావేమోనని."

ఆర్నెటా వంగింది. తల్లి టోపీకి తన నుదురు ఆనించింది. ఇద్దరి చెంపలూ తడిశాయి. తరవాత లోపలికెళ్ళింది. తలుపు మూసుకుంది.

గంటన్నర లువీనియా ఆ తలుపు ఎదురుగా బల్ల మీద కూర్చుంది. ఒక్కసారి లోపల ఎవరో ఏడ్చారు. ఎవరో ఆమెకు తెలియలేదు. లేచి వెళ్ళలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆమే అంది, "దుకాణం దగ్గర ఆపు. నారు నాటే అదను దాటిపోతుంది."

నారు అక్కడే ఉంది, తోపుడుబండిలో పెట్టుకున్నారు. మీసాలాయనా అక్కడే ఉన్నాడు. రెండో వరస తిరిగేసరికి వెనకే వచ్చాడు. ఆర్నెటా నోరు తెరిచింది గానీ, లువీనియా అంతకు ముందే తిరిగింది. గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా తిరిగింది.

"బాబూ, ఎలాగూ వెంట వస్తున్నావు. ఊరికే నడవడం దేనికి? ఈ బండి తొయ్యి. నాకు మోకాలు నొప్పి."

ఆయన మొహం కందిపోయింది. నాలుగు దిక్కులా చూసి, వేరే దారి లేక బండి పట్టుకున్నాడు.

పన్నెండు నారుమొక్కలూ ఇద్దరూ చెరి సగం చేతుల్లో పెట్టుకుని బయటికొచ్చారు. సంచీ అడగలేదు.

"రసీదేదమ్మా?" అంది ఆర్నెటా నవ్వాపుకుంటూ.

"బ్యాగులో ఎక్కడో పడేశా. కావాలన్నవాళ్ళని వెతికిందాకా ఆగమను," అంది లువీనియా, వెనక్కి చూడకుండా నడుస్తూ.