అమ్మ దాచుకున్న నొప్పి

ఏడు దాటేసరికి కూతురు తల్లికి ఒళ్ళు తుడిచి, జుట్టు దువ్వి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని కూతురిది. తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. ఈలోపు పక్క మార్చేస్తే సరిపోతుందని దిండు అందుకుంది.

"దిండు వదిలెయ్. అది నేను చూసుకుంటాలే," అంది తల్లి గబుక్కున.

"లేచి నిలబడలేవు గానీ దిండు చూసుకుంటావా? బాగానే ఉంది సంబడం!" నవ్వుతూ గలీబు లాగింది కూతురు.

దిండు అంచున కుట్టు కొత్తగా ఉంది. ముప్పై ఏళ్ళు దర్జీ పని చేసిన తల్లి చేతి కుట్టు, సన్నగా, ఒత్తుగా. నొక్కితే లోపల గులకరాళ్ళలాంటివేవో కదిలాయి. కత్తెరతో కుట్టు కోసింది. దూదితోపాటు తెల్లని మాత్రలు జలజలా పక్క మీద రాలాయి. కొన్నిటి అంచులు కరిగి ఉన్నాయి, నోట్లో కాసేపు నాని బయటికొచ్చినట్టు.

అవి నొప్పి మాత్రలు. క్యాన్సర్ వెన్నెముకకి పాకినప్పటి నుంచి పూట తప్పకుండా తన చేత్తో వేస్తున్నవి. అయినా తల్లి తువ్వాలు పళ్ళ మధ్య బిగించి మెలికలు తిరిగిపోతుంటే, మందు పనిచెయ్యడం లేదనుకుని డాక్టరు చేత రెండుసార్లు మోతాదు పెంచించింది.

"ఏంటమ్మా ఇది?" గుప్పెడు మాత్రలు ఎత్తి చూపించింది కూతురు. "ఒక్కటి కూడా మింగలేదా?"

తల్లి తల తిప్పుకుంది. "మొదట్లో మింగాను."

"ఎందుకమ్మా? నీ మూలుగులు వినలేక నేను స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. తెలుసా నీకు?"

"తమ్ముడి కోసం," అంది తల్లి మెల్లగా. "నాన్న ప్రాణం తీసిన పాపం వాడి నెత్తిన ఉంది. వాడికి పశ్చాత్తాపం లేదు. ప్రభువు ఊరికే పోయాడా? ముళ్ళు, కొరడాలు, మేకులు. అంత నొప్పి పడితేనే గదా లోకానికి క్షమాపణ దొరికింది. నేను కొంచెం భరిస్తే వాడికీ దొరుకుతుంది."

మూడేళ్ళ కిందట వానలో కారు నడుపుతూ తమ్ముడు ఒక్క క్షణం కునుకు తీశాడు. పక్క సీట్లో ఉన్న తండ్రి పోయాడు. సమాధి దగ్గర తల్లి వాడితో, "నా కళ్ళ ముందుకు రాకు" అంది. వాడు మళ్ళీ రాలేదు.

కూతురు ఫోన్ తీసింది.

"వాడికి చెప్పకు! నీ కాళ్ళు పట్టుకుంటాను," అని తల్లి బతిమాలింది.

"చెప్పి తీరతాను," అంటూ కూతురు తమ్ముడికి ఫోన్ చేసి రమ్మంది. తర్వాత డాక్టరుకి కూడా ఫోన్ చేసింది. పెంచిన మోతాదు ఇప్పుడు ఒక్కసారిగా వేస్తే ప్రమాదమని, మళ్ళీ చిన్న మోతాదుతో మొదలుపెట్టమని ఆయన చెప్పాడు. ఆ మాత్ర పట్టుకెళ్తే తల్లి పెదవులు బిగించుకుంది.

"సిలువ మీద నొప్పి తెలియకుండా ఉండేందుకు ఇచ్చిన ద్రాక్షరసం ప్రభువు తాగలేదు."

"తర్వాత దాహమని అడిగి తాగాడు గదా! ఆయన పడ్డది ఒక్కసారే, అందరికీ సరిపోయిందని సండేస్కూల్లో మాకు చెప్పింది ఎవరు? నువ్వు కాదూ? ఆయన చావు చాలలేదని నీ చావు కలుపుతున్నావా?" కూతురు మాత్ర మళ్ళీ ముందుకు చాపింది. "నొప్పి ఇష్టమై సిలువ ఎక్కలేదమ్మా ఆయన. మనం ఇష్టమై ఎక్కాడు."

ఇంకో అరగంటకి గుమ్మం దగ్గర అలికిడైంది. లిఫ్టులు బాగుచేసే యూనిఫాంలోనే వచ్చేశాడు తమ్ముడు, చేతులకి గ్రీజు కూడా కడుక్కోకుండా. పక్క మీది మాత్రల్ని చూశాడు. ఎముకల గూడులా మిగిలిన తల్లిని చూశాడు.

"నా కోసమా?" అన్నాడు. "నేను చంపింది ఒక్కర్ని కాదన్నమాట."

"అట్లా అనకురా. దేవుడు నిన్ను క్షమించాలనే..."

"దేవుడి సంగతి తర్వాత. నువ్వు క్షమించావా అమ్మా?"

తల్లి చీర కొంగు సర్దుకుంది.

"మేకులు కొడుతున్నవాళ్ళనే ఆయన క్షమించమన్నాడని నేర్పావు గదా. మూడేళ్ళలో నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయావా? దానికి ఇంత నొప్పి కూడా అక్కర్లేదే!"

ఎవరో చెంప మీద కొట్టినట్టు తల్లి వాడి వంక చూసింది. నొప్పిని ఓర్చుకుంటున్నానని ఇన్నాళ్ళూ గర్వపడింది. ఆ పక్కనే కొడుకు వైపు తను ఎప్పుడూ తెరవని తలుపు ఒకటి ఉందని ఇప్పుడే కనబడింది.

"లేదురా," అంది. "క్షమించలేదు. ఫోన్ చెయ్యడం కంటే ఇదే తేలికగా ఉంది నాకు. నీ మీది కోపానికి దేవుడి పేరు పెట్టుకున్నాను."

వాడు కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తాకడానికి భయపడుతూ. తల్లి ఆ గ్రీజు చేతిని తనే లాక్కుంది.

"ఆ రోజు నాన్న ఏమన్నా మాట్లాడాడా? నిన్ను చెప్పనిస్తేగా నేను."

"డాష్‌బోర్డు కింద ఇరుక్కుపోయాడమ్మా. కదల్లేకపోయాడు. నొప్పికి కళ్ళు మూసుకుపోతున్నాయి. నా వైపు తిరిగి... 'నీకేం కాలేదు గదరా బుడ్డోడా?' అన్నాడు. ఏం కాలేదు నాన్నా అన్నాను. 'అమ్మయ్య' అన్నాడు. అంతే."

మూడేళ్ళుగా భర్త తరఫున తల్లి మోస్తున్న కోపం ఆయనకి అసలు లేనే లేదు! ఆ నొప్పిలోనూ ఆయన వెతుక్కున్నది బిడ్డనే. ఒక్కసారిగా కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. వెన్ను విరిగిపోతున్నా వంగి కొడుకు తలని గుండెలకి అదుముకుంది.

"బుడ్డోడా... నా బుడ్డోడా... నన్ను క్షమించరా."

కూతురు చెంగుతో ముఖం తుడుచుకుని నీళ్ళ గ్లాసు తెచ్చింది. తల్లి మాత్ర నాలుక మీద వేసుకుని మింగింది. కూతురి కళ్ళలో అనుమానం చూసి, చిన్నపిల్లలా నోరు బార్లా తెరిచి చూపించింది.