కాలని దూది

అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట ఒక పాత కర్ర మిల్లు ఉండేది. మూతపడి పన్నెండేళ్ళు. గేటు పోయింది, యంత్రాలు పోయాయి, చివరికి కిటికీ ఊచలు కూడా ఎవరో పీక్కుపోయారు. వెనకున్న బాయిలర్ షెడ్డు జోలికి మాత్రం ఎవరూ పోలేదు... అని అందరూ అనుకునేవారు.

ఆ షెడ్డు దగ్గుతుందని పేరు.

చీకటి పడ్డాక ఆ దారిన వెళ్ళేవాళ్ళకు లోపలి నుంచి వినిపించేదట — పొడి దగ్గు, ఆగి ఆగి. బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసి, దగ్గి దగ్గి చచ్చిపోయిన జంపయ్య ఇంకా డ్యూటీ దిగలేదని పక్కనున్న గూడెంలో అందరూ నమ్మారు. తెల్లటి మనిషిని చూశామన్నవాళ్ళూ ఉన్నారు.

ఇదంతా నాకు సునంద చెప్పింది. చిన్నప్పటి నుంచి ఖమ్మంలో కలిసి చదువుకున్నవాళ్ళం. నలభై దాటాక, 2006లో, తను ప్రభుత్వ ఇంజనీరుగా అక్కడికి బదిలీ అయింది. జంపయ్య భార్య నాగక్క ఇంట్లోనే ఒక గది కిరాయికి తీసుకుంది. నాగక్క అన్నం వండిపెట్టేది. చేరిన రోజే కొత్త తలగడ కుట్టి ఇచ్చింది.

మిల్లు స్థలంలో ఆడపిల్లల హాస్టల్ కట్టాలి. ముందు షెడ్డు పడగొట్టాలి. పడగొట్టవచ్చని సంతకం పెట్టాల్సింది సునంద.

హైదరాబాద్ ట్రైనింగ్‌లో ఆమె ఒక పాఠం విని వచ్చింది. పాతకాలంలో ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ అనే, నిప్పంటని తెల్లటి రాతినార చుట్టేవారు. ముట్టుకోకుండా ఉన్నంతకాలం దాని మానాన అది ఉంటుంది. పగలగొడితే కంటికి కనిపించని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగబడిపోతాయి. అందుకే అలాంటి కట్టడం మీద సుత్తి పడకముందే అది ఎక్కడెక్కడ ఉందో సర్వే చేయించాలి.

కాంట్రాక్టర్ వెంకటప్పయ్య నవ్వాడు. "రేకుల షెడ్డుకు సర్వే ఏంది మేడం? జంపయ్యకు గూడ నోటీసు ఇస్తరా?"

"గొట్టాల చుట్టూ ఏముందో తేలాలి."

"పదిహేను మంది కూలీలను మాట్లాడిన. అందరూ గూడెపోళ్ళే. సోమవారం పొద్దుగాల దిగుతరు. మీరు జర జల్దీ చూడండి."

పై అధికారి ఫోన్‌లో ఒకటే అడిగాడట. "ఆ చుట్టిన నార చెదిరి ఉందా, లేదా? చెదిరినట్టు ఫొటో చూపిస్తే సర్వేకి రాస్తాను."

శనివారం కల్లూరులో మీటింగు. తిరిగి వచ్చి బస్సు దిగేసరికి ఏడయింది. ఫొటోలు ఆదివారం పొద్దున్నే ఖమ్మంలో అధికారి ఇంట్లో ఇవ్వాలి. టార్చి, కెమెరా పట్టుకుని ఒక్కతే షెడ్డుకు వెళ్ళింది.

తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల గాలి లేదు. బాయిలర్ నల్లగా, గుమ్మటంలా కూర్చుని ఉంది. టార్చి వెలుగులో సన్నటి తెల్లటి ధూళి తేలుతోంది... ఎవరో ఇప్పుడే కదిపినట్టు.

అప్పుడు వినిపించింది.

దగ్గు.

మళ్ళీ దగ్గు — బాయిలర్ వెనక నుంచి. అంత భయంలోనూ సునందకు ఒక ఆలోచన వచ్చిందట: ఈ దగ్గు నేను రోజూ వింటున్నాను...

టార్చి తిప్పింది. మూలన ఒక ఆకారం వంగి ఉంది. జుట్టు తెలుపు, ముఖం తెలుపు, చేతులు మోచేతుల దాకా తెలుపు. అది మెల్లగా లేచి నిలబడింది.

"ఏంది బిడ్డా... జడుసుకున్నవా?"

నాగక్క.

కాళ్ళ దగ్గర గోనెసంచి. పక్కన, మిల్లువాళ్ళు గొట్టాలకు చుట్టగా మిగిల్చి వదిలేసిన బస్తాలు. ఒక్కోటి విప్పి, లోపలి తెల్లటి దూదిని చేత్తో పీకి సంచిలోకి కుక్కుతోంది.

"సోమవారం కూలగొడ్తరంట గదా. మట్టిల గలుస్తదని తీస్కపోతున్న."

"ఎందుకు నాగక్కా?" అని అడిగింది సునంద.

"తలగడలకు. బూరుగు దూదిల సగం గిది కలిపితే నల్లులు పట్టవు, నిప్పు అంటదు. మా ఆయన ఉన్నప్పుడు ఆయనే తెచ్చేటోడు. పొయ్యికి గూడ మెత్తుతం." కొంచెం గర్వంగా అందట. "నీ తలగడ గూడ గిదే."

ఆ తలగడ మీద ఎనిమిది నెలలు.

సునంద అక్కడే, ఆ ధూళిలోనే, అదేమిటో చెప్పింది. నాగక్క సంచి వదిలేసింది.

"మా ఆయనకు డాక్టర్ టీబీ అన్నడు గదా..."

తర్వాత చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ, వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఇరవై రెండిండ్లు, బిడ్డా. కూతుళ్ళ కాన్పులకు, మనుమలకు... అందరికీ నేనే కుట్టి ఇచ్చిన."

ఫొటోలు వెళ్ళాయి. చెదిరి ఉందని అధికారి ఒప్పుకున్నాడు, సర్వేకి రాశాడు. మూడు నెలలు పడుతుందని జవాబు. ఆలోగా సునందను పది రోజుల డ్యూటీ మీద తిరుమలాయపాలెం పంపారు. ఆమె స్థానంలో ఇంకెవరో సంతకం పెట్టారు. షెడ్డు ఒక్కరోజులో పడింది. బస్తాలతో సహా ఆ చెత్తనే హాస్టల్ పునాదుల్లో పోసి చదును చేశారు. కూలీల పిల్లలు ఆ తెల్లటి పొడి ఒకరి మీద ఒకరు చల్లుకుని ఆడారట.

నేను సునంద దగ్గరికి వెళ్ళింది ఆ తర్వాతి నెలలో. తనను పరీక్షించిన డాక్టర్ ఇప్పుడేమీ కనిపించదన్నాడట. తేలాలంటే ఇరవై ఏళ్ళు పోవాలన్నాడట.

"మరి ఆ తలగడ ఏం చేశావు?" అని అడిగాను.

"ఏం చేయను? కాల్చితే కాలదు. పాతిపెడదామంటే ఎవరో ఒకరు తవ్వుతారు. నీళ్ళలో వేయలేను." రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, టేపు వేసిందట.

"ఎక్కడ పెట్టావు?"

నేను కూర్చున్న మంచం కిందికి చూసింది.

గబుక్కున కాళ్ళు పైకి లాక్కున్నాను. అప్పుడే గోడ అవతల నాగక్క దగ్గింది. ఆమె ఆగగానే పక్కింట్లో ఎవరో దగ్గారు... ఆ తర్వాత, దాని పక్కింట్లో.