ఒక చెంబు ఉప్పునీళ్ళు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలు. బేకరీలో కేకులు చేసే పని ఆమెది, ఏడింటికల్లా పొయ్యిల దగ్గర ఉండాలి. ఒకచోట కాలు నిలిచే మనిషి కాదు. పళ్ళు తోముకుంటూనే ఇల్లు ఊడ్చేసే రకం.

ఆ హడావిడిలోనే పది రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఒక పుణ్యం కూడా చేస్తోంది. హాల్లో మావగారి అక్వేరియంలో నీళ్ళు రోజూ కాస్త తగ్గుతాయి. పెద్దాయన వంగి క్యాను ఎత్తితే నడుము పట్టేస్తోంది. సాయం చేస్తానంటే ఒప్పుకోడు. నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసిన మనిషి, తన వస్తువు మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తాడా? అందుకే ఆయన లేవకముందే ఒక చెంబుడు పోసి గాజు మీది గీత దాకా నింపేస్తోంది. కింద క్యానులు రెండున్నాయి, ఉప్పునీళ్ళది ఒకటి, మంచినీళ్ళది ఒకటి. సముద్రం చేపలకి మంచినీళ్ళు పోసేంత అమాయకురాలు కాదు తను.

నాలుగు బిందెల నీళ్ళు పట్టే ఆ గాజుపెట్టెలో పగడాల మధ్య ఉండేవి రెండే పైప్‌ఫిష్‌లు. పెన్సిలంత పొడవు, గొట్టంలాంటి మూతి. తిండిని వెంటాడే చురుకు లేదు వాటికి. రోజుకి నాలుగుసార్లు సన్న రొయ్యపిల్లల్ని డ్రాపర్‌తో మూతి ముందుకి అందించాలి. ఇప్పుడు మగచేప పొట్ట కింద గుడ్లున్నాయి. ఆ జాతిలో మోసేది మొగుడే. “అదృష్టమంటే ఆ పెళ్ళానిదే” అని కోడలు మావగారిని ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఆవేళ ఆమె స్నానం చేసి వచ్చేసరికి ఆయన అక్వేరియం ముందు కూర్చుని ఉన్నాడు, చేతిలో ఉప్పు కొలిచే మీటరుతో.

“మళ్ళీ నలభై ఒకటి,” అన్నాడు. “ముప్ఫై ఐదు ఉండాలి.”

లిఫ్టులు బాగుచేసే కొడుకు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “ఎన్నిసార్లు చూస్తావు నాన్నా? ఉప్పు కలిపేది నువ్వే, కొలిచేదీ నువ్వే. మధ్యలో ఇంకెవరున్నారు?”

“అదేరా నా భయం. నీళ్ళు పొయ్యాలని వచ్చి చూస్తే గీత దాకా ఉంటున్నాయి. అంటే నేనే పోసుంటాను. ఎప్పుడు పోశానో గుర్తుండటం లేదు.”

పెద్దాయన అన్నగారు చివరి రోజుల్లో కన్నబిడ్డల్నే “మీరెవరు బాబూ?” అని అడిగేవాడు. ఆ మాట ఈ ఇంట్లో అందరూ విన్నారు.

“డాక్టరుకి చూపిద్దాం,” అన్నాడు కొడుకు.

“చూపిద్దువుగాని. చేపల కొట్టతన్ని పన్నెండింటికి రమ్మన్నాను, పట్టుకుపోతాడు. గుడ్లతో ఉన్నదాన్ని నా చేత్తో చంపుకోలేను.”

కోడలికి నవ్వొచ్చింది. ఇంతేనా, నీళ్ళు పోస్తోంది నేనే మావయ్యా అనబోయింది. ఈలోగా ఆయనే ఆమె వైపు తిరిగాడు.

“ఆవిరయ్యేది నీళ్ళేనమ్మా, ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకని రోజూ మంచినీళ్ళే పొయ్యాలి. నేను మతి లేకుండా ఉప్పునీళ్ళు పోసేస్తున్నట్టున్నాను. ఆమాత్రం తేడా తెలియకుండా పోయింది నాకు.”

ఆమె రోజూ వంచేది ఆ ఉప్పునీళ్ళ క్యానే. టైమైపోయిందని చెప్పి చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

బేకరీలో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఒక ట్రే మాడింది. ‘ఇందులో ఉప్పెక్కువైంది’ అని యజమాని ఎవరినో అంటుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చేపలు పోతాయి, మర్నాటినుంచి నీళ్ళు పొయ్యక్కర్లేదు, కథ కంచికి. కానీ డాక్టరు గదిలో ఆయన బిక్కమొహం వేసుకుని కూర్చోవడం కళ్ళముందు కదులుతూనే ఉంది. పదకొండున్నరకి ఏప్రన్ కూడా విప్పకుండా ఇంటికి బయల్దేరింది.

కొట్టతను అప్పటికే సంచీలో నీళ్ళు నింపుతున్నాడు. ఆమె వచ్చి అడ్డంగా నిలబడింది.

“మావయ్యా, ఆ నీళ్ళు పోసింది నేను. పది రోజులనుంచి. ఉప్పునీళ్ళ క్యానులోంచి. మీ నడుము నొప్పి చూసి, మీకు తెలియకుండా... పొద్దున్నే చెప్పాల్సింది. భయమేసి పారిపోయాను.”

ఆయన కాగితం, పెన్సిలు దగ్గరికి లాక్కున్నాడు.

“రోజూ ఎంత?”

“ఒక చెంబుడు.”

ఆయన కాగితం మీద పెన్సిల్‌తో లెక్క వేశాడు. ఒకసారి కొట్టేసి మళ్ళీ వేశాడు. కొట్టతనూ, కోడలూ నిలబడే ఉన్నారు.

“ముప్ఫై ఐదు మీద ఆరు పెరుగుతుంది,” అన్నాడు నెమ్మదిగా. “నలభై ఒకటి. సరిపోయింది.”

పెన్సిల్ కింద పెట్టాడు. “అయితే నేను పొయ్యలేదన్నమాట. పోసి మర్చిపోలేదన్నమాట.”

“లేదు మావయ్యా. మీరేం మర్చిపోలేదు.”

“బాబూ, నువ్వెళ్ళిరా,” అన్నాడు కొట్టతనితో. “రోజూ కాస్త కాస్త మంచినీళ్ళు కలిపి నేనే దించుకుంటాను.”

తలుపు మూసుకున్నాక ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పది రోజులుగా ఈయన ఒక్కడే ఎంత హడలిపోయి ఉంటాడో, తనేమో పుణ్యం చేస్తున్నానని మురిసిపోయింది. కోడలు ఆయన కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

“నన్ను తిట్టండి మావయ్యా.”

“తిడతాను. తప్పకుండా తిడతానమ్మా,” అంటూ ఆయన కండువాతో మొహం కప్పుకున్నాడు. “ముందు కాసేపు ఏడవనీ.”