పడ్డ ముక్కల అంగీ

పెట్టెను వదిలిన మరుక్షణం నూకరత్నం కళ్లు మూసుకుంటుంది. కళ్లు తెరిచి ఉంటే చెవులు సరిగ్గా పనిచేయవని ఆమె నమ్మకం. ఆ రోజు కూడా అలాగే మూసుకుంది. పెట్టె మూల తగిలేలా రాతినేల మీద పడి, పొర్లి, ఆగింది. గాజు చిట్లిన చప్పుడు లేదు.

"ఏటి, పోయిందా?" అని పైమెట్టు నుంచి అడిగారు దాలినాయుడు గారు. భీమిలి పరీక్షశాలకు ఆయనే అధికారి.

"లేదండి. సుక్క కూడా కారలేదు," అంది నూకరత్నం మూత తీసి చూస్తూ.

పెట్టె మధ్యలో పిడికిట్లో ఇమిడే సీసా ఒకటి ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. దాని చుట్టూ ఉబ్బిన ఒడిపొర మెల్లమెల్లగా అణిగి మళ్లీ పలచటి గుడ్డలా మారింది. సముద్రపు నాచు నుంచి పెంచిన పదార్థమది. తాను పడుతున్నానని దానికి గాలిలోనే తెలిసిపోతుంది. నేల తాకేలోపు ఉబ్బి, లోపలి వస్తువును తల్లి ఒడిలోకి తీసుకున్నట్టు తీసుకుంటుంది. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఆ ఉబ్బు అణిగేటప్పుడు నూకరత్నానికి ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

ఆ కాలానికి వీధుల్లో కరెంటు తీగలు పోయాయి. ఇంటింటికీ నెలకొక చిన్న సీసాలో నిప్పుబొట్టు అనే ఇంధనం వస్తుంది. ఆ సీసాను వంటింటి గూట్లో పెడితే చాలు, పొయ్యి, దీపాలు, చల్లపెట్టె అన్నీ దానితోనే నడుస్తాయి. పొరపాటున బయట పగిలితే మాత్రం వీధి వీధంతా బూడిదే. అయినా రోజూ పొద్దున్నే వేల సీసాలు గాలిబంట్లనే ఎగిరే యంత్రాల పొట్టల్లో జనం నెత్తిమీదుగా ఎగిరిపోతుంటే తల పైకెత్తి చూసేవాడే లేడు. వాళ్ల ధైర్యమంతా ఒడిపొర మీద. ఒడిపొర ధైర్యమంతా నూకరత్నం మీద.

నియమం నిప్పుబొట్టు కంటే పాతది. ప్రమాదకరమైన సరుకును చిన్న మోతాదులో పంపాలంటే, ముందు అలాంటి పెట్టెను నిలువెత్తు మనిషి తలంత ఎత్తు నుంచి గట్టినేల మీద పడేయాలి. అడుగు మీద ఒకసారి, పైభాగం మీద ఒకసారి, పొడుగు పక్కకు, పొట్టి పక్కకు, చివరికి మూల మీద. ఆ తర్వాత మనిషికి ఒకటిన్నర రెట్లు ఎత్తున్న పెట్టెల దొంతర ఎంత బరువుంటుందో అంత బరువు నెత్తిన పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాలి. పరీక్షకు సీసాలో నిప్పుబొట్టు ఉండదు, అంతే బరువుకు రంగునీళ్లు పోస్తారు. పరీక్షలో పడ్డ పెట్టెను మళ్లీ సరుకుకు వాడరు. ఒకటి పడి నెగ్గితే, పడని మిగతావన్నీ ప్రయాణం కడతాయి.

"ఈ పడ్డవాటి ఒడిపొరలు పట్టుకెళ్తానండి," అంది నూకరత్నం ఎప్పటిలాగే.

"పడ్డవి నాకెందుకమ్మా, పట్టుకెళ్లు," అన్నారాయన, ఎప్పటిలాగే.

నూకరత్నం ఇల్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గోడలకు ఒడిపొర, గడపకు ఒడిపొర, మంచం కోళ్లకు ఒడిపొర. నవ్వొచ్చిన వాళ్లు కిటికీ దగ్గర కూర్చున్న పైడితల్లిని చూస్తే నోరు మూసుకుంటారు. నూకరత్నం చెల్లెలామె, పాతికేళ్లది. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. గట్టిగా తుమ్మితే పక్కటెముక విరిగిన రోజులున్నాయి. ఎన్నో జబ్బులను తరిమేసిన ఆ కాలం దీని ముందు మాత్రం చేతులెత్తేసింది. తల్లి పోయాక చెల్లెలు గడప దాటకుండా కాపాడింది నూకరత్నమే. సముద్రం రెండు వీధుల అవతల ఉంది. పైడితల్లికి దాని చప్పుడు తెలుసు గానీ నీళ్లు తెలియవు.

"అప్పా, ఒకటి సూపిస్తాను, తిట్టకూడదు," అంది పైడితల్లి ఆ సాయంత్రం.

పరుపు కింద నుంచి ఒక అంగీ తీసింది. మెడ నుంచి మడమల దాకా, తలకు ముసుగుతో సహా, అన్నీ ఒడిపొర ముక్కలే. సన్నటి కుట్టు. ఆమె చేతి కుట్టుకు ఊళ్లో మంచి పేరుంది. నూకరత్నం అంగీని తిప్పి చూసింది. ప్రతి ముక్క మీదా పరీక్షశాల వేసిన నల్లటి ముద్ర కనిపిస్తోంది.

"ఇవన్నీ పడ్డవి కదే!"

"అందుకే కుట్టాను. పడనివాటి సంగతి నాకేటి తెలుసు? ఇవి పడి సూపించాయి."

"ఏటి సేస్తావు దీంతో?"

"సముద్రం దగ్గరికెళ్తాను. నడిసి. ముందు నన్ను నీ రాయి మీద పడేసి సూడు. నియమం నియమమే కదా."

నూకరత్నం చేతిలోని అంగీ జారిపోయింది. కోపమొచ్చింది, భయమేసింది. "పెట్టెలు వందలుంటాయే గుంటా. ఒకటి పోతే ఇంకోటి. నువ్వు ఒక్కదానివి. ఒక్కదాన్ని ఎలా పడేస్తారే?"

పైడితల్లి అంగీని ఒళ్లోకి లాక్కుంది. "పడేయడం ఒక పరీక్ష. బరువెట్టి పగలూ రాత్రీ ఉంచడం ఇంకోటి. ఆ రెండోది నాకు సిన్నప్పట్నించీ జరుగుతూనే ఉంది కదప్పా," అంది నెమ్మదిగా.

ఆ మాటతో నూకరత్నానికి అన్నం సహించలేదు. ప్రేమగా పెట్టిన బరువు కూడా బరువేనని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మొదట అంగీనొక్కదాన్నే పడేసి చూస్తానని నూకరత్నం ఒప్పుకున్నాక, సెలవు రోజున ఇద్దరూ పరీక్షశాలకు వెళ్లారు. తోపుడు కుర్చీలో ఒడిపొరలు పరిచి, గుంతలు తప్పించుకుంటూ నూకరత్నమే తోసింది. ముందు అంగీలో ఇసుక కూరింది. ఎముకలకు బదులు గాజుకడ్డీలు పెట్టింది. అయిదు విధాలా పడేసింది. ఒక్క కడ్డీ చిట్లలేదు. అయినా ఆమె గుండె ఒప్పుకోలేదు. రంగునీళ్లు నిప్పు కావు. గాజు చెల్లెలు కాదు.

"ఇక నేను," అంటూ పైడితల్లి అంగీలోకి దూరింది. కుడి ముంజేతిని మాత్రం బయటికి ఉంచింది. దానికి తల్లి పచ్చగాజులు ఉన్నాయి, నూకరత్నం ఎప్పుడూ తొడుక్కోనివ్వనివి.

"అవి తియ్యే, పగులుతాయి!"

"పగిలితే నీకు ఇనబడుతుంది కదా."

లేపుడుపలక ఆమెను మెల్లగా పైకి తీసుకెళ్లింది. నూకరత్నం కింద మీట పట్టుకుని నిలబడింది. మీట లాగితే పలక తెరుచుకుంటుంది. లెక్కలేనన్నిసార్లు లాగిన చెయ్యి ఇవాళ ఎవరిదో అయిపోయింది. వేళ్లు మీటకు అతుక్కుపోయాయి. "నావల్ల కాదే. దిగిపో. నీ కాళ్లు పట్టుకుంటాను, దిగిపోవే," అంటూ ఏడ్చేసింది.

తలెత్తి చూసేసరికి పైడితల్లి పలక అంచు మీద నిలబడి ఉంది. ఎవరి సాయమూ లేకుండా. చేతులు చాచి, అంచు అవతల గాలిలోకి అడుగేసింది.

నూకరత్నం ఈసారి కళ్లు మూసుకోలేకపోయింది. అందుకే చూసింది. అంగీలోని ప్రతి ముక్కా ఒక్కసారిగా మేలుకుంది. ఏనాడో ఏదో ఒక సీసాను కాపాడిన ముక్కలన్నీ మనిషి చుట్టూ తెల్లగా ఉబ్బి, ఒకదాన్నొకటి అందుకుని, పైడితల్లిని తమలోకి తీసుకున్నాయి. ఆ క్షణం ఆమె పడుతున్నట్టు లేదు, పుడుతున్నట్టుంది. నేలను మెత్తగా తాకి, పొర్లి, ఆగింది.

ఉబ్బు అణుగుతోంది. నూకరత్నం చెవులు రిక్కించింది. గాజుల చప్పుడు వినబడింది. పగిలిన చప్పుడు కాదు. గలగలమంటూ, అన్నీ ఉన్న చప్పుడు. పైడితల్లి చెయ్యి ఊపుతోంది.

నూకరత్నం పరుగెత్తుకెళ్లి పక్కన కూలబడింది. తాకడానికి భయమేసి చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ముసుగులోంచి చెల్లెలి ముఖం బయటికొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

"అప్పా, ఎవరూ పట్టుకోలేదు. నేను పడ్డాను!" అంది. నూకరత్నం పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఎవరి గొంతులోనూ వినలేదు.

ఒడిపొరను కనిపెట్టినవాళ్లు సీసాల కోసం కనిపెట్టారు. పడే హక్కు లేకుండా బతికిన మనిషి ఒకతె ఉందని వాళ్లు ఎరగరు.

"లే, ఇంటికెళ్దాం," అంది నూకరత్నం కళ్లు తుడుచుకుంటూ.

పైడితల్లి అప్పటికే లేచి నిలబడి, గోడ పట్టుకుని, లేపుడుపలక వైపు ఒక్కో అడుగే వేస్తోంది.

"ఇంటికేటి? అడుగు మీద ఒక్కటే కదా అయ్యింది. ఇంకా నాలుగున్నాయి. బేగి రా, మీట దగ్గరికి."

నూకరత్నం లేచింది. మీట పట్టుకుంది. పలక చెల్లెల్ని పైకి చేర్చగానే, ఈసారి లాగింది.