ఇరైదా వాటా

తెల్లవారగానే ఎలాదియో చేసే మొదటి పని కాఫీ పెట్టుకోవడం కాదు. వెనక వరండా గోడకు బిగించిన బ్యాటరీ పెట్టె దగ్గరికెళ్లి, దాని మీద ఛార్జి చూపే పచ్చగీత నిండుగా ఉందో లేదో చూసుకోవడం. పోర్టోరికో కొండల్లో కరెంటును నమ్మినవాడు ఎలాగూ లేడు, ఈయన మాత్రం అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. కప్పు మీది సోలార్ పలకలు పగలంతా పెట్టెను నింపుతాయి. నిండిన పెట్టెను ఆయన వాడనే వాడడు. ఉక్కపోసినా ఫ్యాన్ వెయ్యడు. చీకట్లోనే తిని, చీకట్లోనే పడుకుంటాడు.

ఆ ఉదయం పచ్చగీత సగానికి దిగిపోయి ఉంది.

ఇంట్లో తాను తప్ప మనిషి లేడు, తాను ఏదీ వాడలేదు. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది నెలల తరబడి కరెంటు లేక, జనరేటరున్న ఇంటి నుంచి లేని ఇంటికి కంచెల మీదుగా వైర్లు పాకేవి. అది గుర్తుకు రాగానే ఆయన చూపు పక్కింటి కంచె మీద పడింది.

"ప్రోవీ! నా పెట్టెకు వైరు తగిలించావా?"

పక్కింటి ప్రోవిదెన్సియా అరటికాయలు చెక్కుతున్న కత్తితోనే బయటికొచ్చింది. "ఏమన్నావ్? మళ్లీ అను!"

"రాత్రికి రాత్రి సగం కరెంటు మాయమైంది. దొంగ కాకపోతే దయ్యం తాగిందా?"

"నీ కరెంటు నాకెందుకయ్యా? నువ్వు వాడుకోవు, ఒకరికివ్వవు. గడ్డివాము దగ్గర కుక్కలా కాపలా కాస్తావు! ఇన్నేళ్లూ మాటాపలుకూ లేదు, ఇవాళ నోరు తెరిచింది దొంగ అనడానికా?"

సరిగ్గా అప్పుడే ఆయన కూతురు మిగ్దాలియా, కందులు వేసి వండిన అన్నం గిన్నెతో లోపలికొచ్చింది. గడపలో అడుగు పెడుతూనే "దీవించు నాన్నా" అనడం ఆమె అలవాటు, అక్కడి ఆచారం. ఆ రోజు ఆ మాటే మరిచిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలోని ఫోన్‌ను గబుక్కున సంచిలో వేసుకుంది. ఎలాదియో అది చూశాడు.

"ప్రోవి పిన్నినేమీ అనకు నాన్నా. తీసింది నేను."

ప్రోవి కంచె దగ్గర ఒక్క క్షణం నిలబడి, కత్తి దించుకుని లోపలికి వెళ్లిపోయింది.

"పొద్దు వాలగానే పలకలన్నీ పడుకుంటాయి," అంది మిగ్దాలియా. ఊరి కరెంటు సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించడమే ఆమె పని. "సరిగ్గా అప్పుడే అందరూ ఇళ్లకు చేరి పొయ్యిలూ ఫ్యాన్లూ వేస్తారు. ఆ కాసేపు గట్టెక్కాలంటే ఇంటింటి బ్యాటరీ నుంచీ కాస్త కాస్త తీగల్లోకి వదలాలి. లేకపోతే పేటలకు పేటలే ఆపేస్తారు. ఊరందర్నీ అడిగాను గానీ నిన్నడిగే ధైర్యం లేకపోయింది. నీ బదులు నా ఫోన్లోంచే ఒప్పేసుకున్నాను. రాత్రి సంఘంవాళ్లు సగం వదిలారు. మిగతా సగం నీ వాటా."

"నా వాటా ఎవడిక్కావాలి? అది మీ అమ్మ వాటా!"

మిగ్దాలియా పడకగది వైపు చూసింది. తల్లి ఇరైదాకు ఊపిరి అందించిన మెషిన్ ఇప్పటికీ మంచం పక్కనే ఉంది, ప్లగ్గు గోడకు పెట్టే ఉంది. దాని మీద దుమ్ము కూడా లేదు.

"ఆ తుఫానప్పుడు జనరేటరు ఆగిపోయింది," అన్నాడు ఎలాదియో. "డీజిల్ కోసం కొండ దిగి పరిగెత్తాను. వచ్చేసరికి తనూ ఆగిపోయింది. ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఖాళీ కాకూడదు."

"పెట్టె నిండుగా ఉంటే అమ్మ లేచొస్తుందా నాన్నా? చీకట్లో ఒక్కడివీ కూర్చుని నువ్వూ పోతావు. నాకింకెవరున్నారు?"

"బయటికి నడు."

ఆమె ఫోన్ తీసి, కన్నీళ్లు అడ్డుపడుతుంటే తుడుచుకుంటూ ఏదో నొక్కింది. "ఆ ఒప్పుకోలు తీసేశాను. నీ కరెంటూ నీదే, నీ చీకటీ నీదే." అన్నం గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె ఫోన్ చెయ్యలేదు. ఈయనా చెయ్యలేదు. పచ్చగీత మాత్రం రోజూ నిండుగానే ఉండేది. దాన్ని చూసి "బాగుంది" అని తనలో తానే అనుకునేవాడు, ఇంకెవరితో అంటాడు? వారం తిరిగేసరికి మాట్లాడక గొంతు బొంగురుపోయింది. ప్రోవిని అన్యాయంగా దొంగన్నానన్న ముల్లు ఒకటి. చివరికి తన పెరటి కాఫీ గింజలు వేయించి పొట్లం కట్టుకుని, ఒక మధ్యాహ్నం పక్కింటి తలుపు దగ్గర నిలబడ్డాడు.

తలుపు తట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. లోపల్నుంచి చప్పుడు. టుక్... బుస్స్... టుక్... బుస్స్. ఆ చప్పుడు ఆయన నిద్రలోనైనా గుర్తుపడతాడు.

ప్రోవి తలుపు తీసింది. ఆమె వెనక మంచం మీద భర్త ఫెర్మిన్, ముక్కుకు గొట్టం.

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావని?" ప్రోవి గొంతులో కోపం లేదు. "మా రేకుల కప్పు పలకల్ని మొయ్యదన్నారు. ఆక్సిజన్ సిలిండరు ఒకటుంది, అది కాసేపటికే. పొద్దు వాలుతుంటే కరెంటు పోకూడదని జపమాల పట్టుకు కూర్చుంటాను. ఈ సాయంత్రం పోతుందట, రేడియోలో చెప్పారు."

ఎలాదియో కాఫీ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఏవేవో అనాలనుకున్నవాడు "తప్పైపోయింది" అని మాత్రమే అనేసి, గబగబా ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ ఒప్పుకోలు మళ్లీ పెట్టు. ఈ సాయంత్రానికే."

"నీకెంత ఉంచమంటావు నాన్నా?"

"నా ఒక్కడికీ ఎంత కావాలో అంత. మీ అమ్మ వాటా మొత్తం వదిలెయ్."

ఫోన్లో ఏడుపు వినిపించింది. పొద్దు వాలేలోపు మిగ్దాలియా వచ్చి వరండాలో ఆయన పక్కన కూర్చుంది. లోయ మీద నీడ పరుచుకుంటుంటే పచ్చగీత దిగసాగింది. స్విచ్చు కట్టేద్దామా అని ఆయన ఒకసారి లేచాడు కూడా. మళ్లీ కూర్చుని కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు ఇలాగే నాలుగిళ్లలో నాలుగు పెట్టెలు ఉండి ఉంటే, తాను కొండ దిగి పరిగెత్తక్కర్లేకపోయేది, ఇరైదా పక్కనే కూర్చుని ఉండేవాడు. ఇన్నేళ్లుగా తను దాచింది ఆమె కోసం కాదనీ, తన భయం కోసమనీ ఆయనకు ఇప్పుడే తెలిసింది.

చీకటి పడ్డాక ప్రోవి కంచె దగ్గరికొచ్చింది.

"చూశావా ఎలాదియో! రేడియోవాళ్లవన్నీ కోతలే. పోతుందీ పోతుందీ అన్నారు, బల్బు మిణుకుమనను కూడా లేదు!"

మిగ్దాలియా చెప్పబోయింది. ఎలాదియో ఆమె చెయ్యి నొక్కాడు.

"అవును ప్రోవీ, అన్నీ కోతలే," అన్నాడు. అంటూనే రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఇరైదా పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

ప్రోవి కంగారుపడింది. "ఇదేం చోద్యమే మిగ్దాలియా! కరెంటు పోయిందని ఏడ్చేవాళ్లను చూశాను గానీ, పోలేదని ఏడ్చేవాణ్ని మీ నాన్ననే చూస్తున్నాను!"

"ఏడవనీ పిన్నీ," అంది మిగ్దాలియా తండ్రి వీపు నిమురుతూ. "ఏడవనీ."