ఐతమాయ ఇంట్లో దగ్గు

1996 జనవరి 19, శుక్రవారం. మర్నాడు అమావాస్య. పొద్దున పుతుంగ్ ఊరంతా పొగమంచులో మునిగి ఉంది. మధ్యాహ్నం రెండింటికి మంచు కాస్త విచ్చి, అన్నపూర్ణ కొండ ఒక్క భుజం చూపించి మళ్ళీ ముసుగు కప్పుకుంది. నాలుగింటి నుంచి మంచు కలిసిన సన్నటి వాన. గాలి మాత్రం లేదు.

పుతుంగ్‌కీ, కింద ఉన్న లామ్‌సేరాకీ మధ్య, రాతిమెట్ల దారి మెలి తిరిగే చోట ఐతమాయ ఇల్లు ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. తప్పనిసరై పోవలసివస్తే ఆ వైపు చూడకుండా, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకుండా దాటేస్తారు. ఆమె పోయి మూడేళ్ళు. అయినా ఆ ఇంట్లో ఇంకా దగ్గు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

ఎందుకంటే, ఆమెకి అర్ఘూ జరగలేదు.

అర్ఘూ జరగనిదే మనిషి పూర్తిగా పోయినట్టు కాదు, ఈ కొండల్లో ఉండే గురుంగు జాతివాళ్ళ లెక్కలో. వెదురు బద్దలతో బొమ్మ కట్టి, దానికి పోయినవాళ్ళ బట్టలు తొడిగి, ఎదురుగా ఒక గొర్రెను నిలబెడతారు. పచ్యూ, అంటే వాళ్ళ పూజారి, డోలు కొడుతూ ఆత్మను పిలుస్తాడు. గొర్రె ముట్టె నుంచి తోక దాకా ఒక్కసారి ఒళ్ళు దులిపిందా... ఆత్మ వచ్చింది, మనం చెప్పింది విన్నది, ఒప్పుకున్నది అని అర్థం. అప్పుడే దానికి పెద్దల ఊరి దారి తెరుచుకుంటుంది. గొర్రె రాయిలా నిలబడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు పచ్యూ డోలు పక్కన పెట్టి, చుట్టాల వైపు తిరిగి, "ఎవడి కడుపులో ఏముందో కక్కండిరా" అంటాడు. వెనకటికి ఒకడు అలాగే, మామగారి గొడ్డలి కాజేసింది తనేనని ఏడుస్తూ ఒప్పుకున్నాడట. పోయింది మామగారు కూడా కాదు, మేనత్త! సరే, ఆ కథ ఇప్పుడెందుకు.

ఐతమాయకి పిల్లల్లేరు. కొడుకు స్థానంలో నిలబడి అర్ఘూ చేసినవాడిదే ఇల్లు. భర్త అన్నగారి కొడుకులు ఇద్దరున్నారు. పెద్దవాడు ధన్‌బీర్, ఇండియా సైన్యంలో చేసి పింఛనుతో వచ్చినవాడు. చిన్నవాడు హస్తబీర్, చలికాలంలో యాత్రికులకు ఊళ్ళు చూపించేవాడు. నేను నిలబడతానంటే నేనని ఇద్దరూ పట్టుబట్టారు. చుట్టాలు కొట్లాడుకుంటుంటే పచ్యూ డోలు ముట్టుకోడు. అలా మూడేళ్ళు గడిచాయి.

హస్తబీర్‌కి ఆ ఇల్లు కావాలి. గుడ్డులా గుండ్రటి గోడలు, ఎర్రమట్టి పూత, గడ్డి కప్పు. చుట్టుపక్కల అలాంటిది అదొక్కటే మిగిలింది. పెద్ద కొండలు ఎక్కలేనివాళ్ళు, చలికాలం మూడు రోజులు మెట్ల దారిన తీరిగ్గా నడిచి, మగ్గాలు చూసి, పాటలు విని, సంకటి తిని పోయేవాళ్ళు, అలాంటి ఇంటి కోసం పడి చస్తారు. అందులో నాలుగు మంచాలు వేస్తే చాలు, బతుకు ఒడ్డున పడుతుంది. ఏ మంచం ఏ గోడ వారగా వెయ్యాలో కూడా అతను ఎప్పుడో అనుకున్నాడు.

ఆ సాయంత్రం అతని వెంట ఒక్కడే యాత్రికుడు. పాటన్‌లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన హేరాకాజీ శాక్య. అరవై ఆరేళ్ళ మనిషి. కనిపించిన ప్రతి కిటికీ ముందూ ఆగేవాడు. పుతుంగ్‌లో ఒక తలుపు గొళ్ళెం గీయడానికే గంట పట్టింది.

"మాస్టారూ, చీకటి పడుతోంది."

"పడనీ బాబూ. రోజూ పడేదేగా."

పడింది. లామ్‌సేరాకి దిగుతుంటే, తడిసిన మెట్ల మీద, సరిగ్గా ఆ మెలిక దగ్గర, మాస్టారి కాలు జారింది.

"నా మోకాలు నాతో మాటలు మానేసింది నాయనా. ఆ వసారాలో ఓ పది నిమిషాలు కూర్చుందాం."

"అక్కడొద్దు."

"ఎందుకొద్దు? ఓహో, గుండ్రటి ఇల్లే! ఇంత మంచి ఇల్లుందని చెప్పవేం?"

"ఖాళీ ఇల్లు మాస్టారూ."

"మరీ మంచిది. టీ ఇవ్వలేదని నొచ్చుకునే పని లేదు."

ఆయన కుంటుకుంటూ వెళ్ళి వసారాలో కూర్చున్నాడు. ముసలాయన్ని వానలో వదిలిపోవడం ఎలా? హస్తబీర్ కూడా వెళ్ళాడు, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు. టార్చిలైటు మాస్టారి సంచిలో, పెన్సిళ్ళ అడుగున ఎక్కడో ఉంది. ఆయన చీకట్లో తడుముతున్నాడు. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. అంతకుమించి చప్పుడు లేదు...

లోపల ఎవరో దగ్గారు.

మాస్టారి చేతులు ఆగిపోయాయి. "ఖాళీ ఇల్లన్నావు?" గుసగుసగా అన్నాడు.

హస్తబీర్ తిరిగి చూశాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. మళ్ళీ దగ్గు... రెండు పొట్టివి, తర్వాత ఊపిరంతా ఈడ్చుకుంటూ ఒక పొడుగుది. ఆ దగ్గు అతనికి తెలుసు. ఐతమాయ పిన్ని ఆఖరి చలికాలం అంతా, పొయ్యి పక్కన, అదే దగ్గు.

గడ్డి నలిగింది. మట్టినేల మీద అడుగులు. ఒకటి... ఆగి, ఇంకొకటి. గడపకి అవతల నిలిచిపోయాయి. ఊపిరి వినిపిస్తోంది.

"పిన్నీ..."

హస్తబీర్ గడప వైపు వంగాడు.

"పిన్నీ, నేను హస్తబీర్‌ని. నువ్వు ఎందుకు పోవడంలేదో నాకు తెలుసు. అన్నయ్యకి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. 'ఇల్లు పూర్ణకలికి. పన్నెండేళ్ళు నాకు అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచింది నా అక్క కూతురు ఒక్కతే. నలుగురిలో చెప్పు' అన్నావు. విన్నది నేనొక్కణ్ణే. చెప్పలేదు..."

లోపల చప్పుడు లేదు.

"ఆ పిల్ల ఇప్పుడు పరాయివాళ్ళ చేలలో కలుపు తీసి బతుకుతోంది. రోజూ చూస్తూనే ఉన్నాను. చెబుతాను పిన్నీ. రేపే చెబుతాను. విన్నావా... ఒప్పుకో, వెళ్ళిపో."

టార్చిలైటు వెలిగింది.

గడప మీద గొర్రె. నల్ల మొహం, పసుపు కళ్ళు. అతని వైపే చూస్తోంది. చూస్తూ చూస్తూ... ముట్టె నుంచి తోక దాకా, చెవులు టపటప కొట్టుకునేలా, ఒళ్ళు దులిపింది.

హస్తబీర్ రెండు చేతులూ జోడించాడు.

మాస్టారు మాత్రం పగలబడి నవ్వాడు. "గొర్రె బాబూ! ఇంతసేపూ గొర్రెకి సంజాయిషీ చెప్పుకున్నావు!"

నిజమే. చలికి పైకొండల మీంచి మందలు దిగివచ్చే రోజులు. ఒకటి తప్పిపోయి, తలుపు తోసుకుని లోపల చేరింది. గొర్రె దగ్గితే అచ్చం ముసలివాళ్ళు దగ్గినట్టే ఉంటుందని మంద కాసే పిల్లాడికి కూడా తెలుసు.

హస్తబీర్ కూడా నవ్వాడు, అవసరానికి మించి గట్టిగా. "వానలో తడిసుంటుంది. తడిసిన గొర్రె దులుపుకోదా మాస్టారూ!"

"దులుపుకోక, తువ్వాలు అడుగుతుందా?"

నవ్వుతూనే హస్తబీర్ లోపల లెక్క సర్దుకున్నాడు. గొర్రెకి ఇచ్చిన మాట మాటే కాదు. విన్న ఒక్క మనిషీ పరాయి ఊరివాడు. ఎల్లుండి బస్సెక్కి పాటన్ పోతాడు. నాలుగు మంచాలూ మళ్ళీ వచ్చి గోడల వారగా నిలబడ్డాయి.

"చేతులు కొయ్యబారాయి. దీన్ని కాస్త ఇలా రానీ," అని మాస్టారు గొర్రెను దగ్గరకు లాక్కున్నాడు. రెండు చేతులూ ఉన్నిలో దూర్చాడు. వేళ్ళతో అడుగుదాకా తడిమాడు.

"బాబూ."

"ఊ."

"ఇది తడవలేదే."

"తడిసే ఉంటుంది. సరిగ్గా చూడండి."

"తడి నా చేతులది. దీని ఉన్ని చర్మం దాకా పొడిగా ఉంది. చినుకు కూడా పడలేదు దీని మీద. నువ్వే చూడు."

హస్తబీర్ చెయ్యి పెట్టాడు. పొయ్యి పక్కన ఆరబెట్టిన కంబళిలా ఉంది. వెచ్చగా... పొడిగా...

తీసుకోబోతే చెయ్యి రాలేదు. ఎవరూ పట్టుకోలేదు. చలికి బిగుసుకుపోయింది, అంతే. అంతే అయి ఉంటుంది.

మర్నాడు కాపరి వచ్చి గొర్రెను గుర్తుపట్టాడు. రెండు రోజుల కిందట, ఎండ కాసిన పూట తప్పిపోయిందట. ఆ మధ్యాహ్నమే హస్తబీర్ ఊరి వాకిట్లో, అందరి ముందూ, గొర్రె సంగతితో సహా, పిన్ని చివరి మాట చెప్పాడు. పూర్ణకలి చేతిలోని కొడవలి కింద పెట్టింది.

ధన్‌బీర్ వెక్కిరింపుగా నవ్వాడు. "గొర్రె సాక్ష్యమా? ఇక నీ తరఫున కోడిపుంజు వకాల్తా కూడా పుచ్చుకుంటుందేమో!"

"అన్నయ్యా, ఒక్క సాయంత్రం నువ్వు ఆ వసారాలో కూర్చుని రా. వచ్చాక ఎంతైనా నవ్వు."

ధన్‌బీర్ వెళ్ళలేదు. మళ్ళీ నవ్వనూ లేదు, ఇంటి మీద పట్టూ వదిలేశాడు.

ఫాల్గుణంలో అర్ఘూ అయింది. కొడుకు స్థానంలో నిలబడ్డది హస్తబీరే. నీళ్ళు పోసిందీ, దారి సాగనంపిందీ అతనే. డోలు మూడో దెబ్బకే గొర్రె ఒళ్ళు దులిపింది.

ఇల్లు పూర్ణకలికి వచ్చింది. దారి కింద చోళ్ళ మడి ధన్‌బీర్‌కి. పెద్దవాడి మొహం చిన్నబోకూడదని ఆమే ఇచ్చింది. ఇత్తడి బిందె పచ్యూకి, ఉన్ని దుప్పటి కాపరికి. మాస్టారు ఆ ఇంటిని గీసిన బొమ్మ, ఆయన తర్వాత, పాటన్‌లో ఉన్న కూతురికి చెందింది. గడప మీద గొర్రెను కూడా గీయవచ్చుగా అని ఆమె ఎన్నిసార్లు అడిగినా ఆయన గీయలేదట.

హస్తబీర్‌కి ఏమీ రాలేదు.